పరీక్ష ఒత్తిడిలో నిలబెట్టే నమ్మకం ఎక్కడ పుడుతుంది?

"అన్నీ చదివాను సార్, పేపర్ చూడగానే బ్లాంక్ అయిపోయాను." వీకెండ్ టెస్ట్ అయిన మర్నాడు ఏ జూనియర్ కాలేజీలోనైనా వినిపించే మాట ఇది. "కాన్ఫిడెన్స్ పెంచుకో, ధైర్యంగా ఉండు" అని పెద్దవాళ్లు భుజం తడతారు. ఆ ధైర్యం ఎక్కడి నుంచి తెచ్చుకోవాలో మాత్రం చెప్పరు. విద్యార్థికి కావలసింది ఆ చెప్పని ముక్కే.

ఒత్తిడి మీద ఏళ్ల తరబడి పనిచేసిన రిచర్డ్ లాజరస్, సూసన్ ఫోక్‌మన్ 1984లో ఒక పుస్తకం రాశారు. కష్టం ఎదురైనప్పుడు మనసు రెండు ప్రశ్నలు వేసుకుంటుందని వారు వివరించారు. దీనివల్ల నాకు ఎంత నష్టం? దీన్ని ఎదుర్కోవడానికి నా దగ్గర ఏముంది? ఉదాహరణకు, జేఈఈ మెయిన్ బీటెక్ పేపర్ తీరు అందరికీ ఒకటే: మూడు గంటలు, 75 ప్రశ్నలు, 300 మార్కులు, తప్పు జవాబుకు ఒక మార్కు కోత. మనసు వేసుకునే ఆ రెండో ప్రశ్నకు "ఉంది" అని జవాబున్నవారు రాని లెక్కను వదిలి ముందుకు వెళ్తారు. "ఏమీ లేదు" అనుకునేవారు అదే లెక్క దగ్గర పది నిమిషాలు ఆగిపోతారు. ఆ కంగారు తర్వాతి ప్రశ్నలను కూడా పాడు చేస్తుంది.

పరీక్ష హాలు కంటే ముందే, స్టడీ అవర్స్‌లో జరిగే నష్టం ఇంకా పెద్దది. నమ్మకం తగ్గిన సబ్జెక్టును విద్యార్థి తప్పించుకు తిరుగుతాడు. రొటేషనల్ మోషన్ భయపెడుతోందని ఆ వారమంతా వచ్చిన కెమిస్ట్రీనే మళ్లీ చదువుతాడు. తక్కువ మార్కులొచ్చిన పేపర్‌ను పుస్తకాల అడుగున దాస్తాడు. ఆ పూటకు మనసు తేలికపడుతుంది, బ్యాక్‌లాగ్ మాత్రం పెరుగుతుంది. పెరిగిన బ్యాక్‌లాగ్ ఉన్న కాస్త నమ్మకాన్నీ తినేస్తుంది. దీన్ని చాలామంది బద్ధకం అంటారు. నేను ఒప్పుకోను, అది భయం. తిడితే ఇంకా ముదురుతుంది.

మనస్తత్వ శాస్త్రవేత్త ఆల్బర్ట్ బండూరా 1977లో ప్రతిపాదించిన సిద్ధాంతం ఇక్కడ దారి చూపిస్తుంది. "ఈ పని నేను చేయగలను" అన్న నమ్మకం నాలుగు చోట్ల నుంచి వస్తుందంటారాయన: స్వయంగా సాధించిన అనుభవం, మనలాంటివారు సాధించడం చూడటం, ఇతరులు చెప్పే ప్రోత్సాహపు మాటలు, మన శరీరం, మనసు ఉన్న స్థితి. అన్నిటికంటే బలమైనది మొదటిదే. మన కాలేజీల్లో మోటివేషన్ క్లాసుల పేరుతో పెట్టే శ్రద్ధంతా మూడోదాని మీదే. ఆ క్లాసు వేడి మర్నాటి స్లిప్ టెస్ట్ దాకా నిలవకపోవడంలో ఆశ్చర్యమేముంది?

ఈ నమ్మకం పనిని బట్టి మారుతుంది. మ్యాథ్స్‌లో నిండుగా ఉన్నవారికే ఆర్గానిక్ కెమిస్ట్రీలో చేతులు వణకవచ్చు. కాబట్టి "నాకు కాన్ఫిడెన్స్ లేదు" అని మొత్తంగా అనుకోకండి. ఏ చాప్టర్‌లో లేదో కాగితం మీద రాయండి. కొండంత అనుకున్నది నాలుగైదు చాప్టర్లుగా తేలవచ్చు.

మరి "అన్నీ చదివాను" అన్న విద్యార్థికి ఏమైంది? 2006లో రోడిగర్, కార్పికే అనే ఇద్దరు పరిశోధకులు కొందరు విద్యార్థులతో ఒక పాఠాన్ని నాలుగు విడతలు చదివించారు. మరికొందరు ఒక్క విడత చదివి, మూడు విడతలు చూడకుండా గుర్తు తెచ్చుకుని రాశారు. బాగా గుర్తుంటుందని ఎక్కువ నమ్మకంగా ఉన్నది చదువుతూ పోయినవారే. వారం తర్వాత చూస్తే వారికి 40 శాతం, గుర్తు తెచ్చుకుని రాసినవారికి 61 శాతం గుర్తుంది. మళ్లీ మళ్లీ చదివితే పాఠం కళ్లకు అలవాటవుతుంది. ఆ అలవాటును వచ్చేసిందనుకోవడమే ప్రమాదం. అలా పుట్టిన నమ్మకం ప్రశ్నపత్రం ముందు నిలవదు.

అందుకని రివిజన్ పద్ధతి మార్చండి. పేజీ చదివాక పుస్తకం మూసి, తెల్లకాగితం మీద గుర్తున్నది రాయండి. భయపడే చాప్టర్‌లో మొదటి రోజే అడ్వాన్స్‌డ్ లెక్కల జోలికి వెళ్లకండి. పదింటిలో ఆరేడు వచ్చే స్థాయిలో మొదలుపెట్టి, వారం వారం కష్టం పెంచండి. తప్పిన లెక్కలకు విడిగా ఒక నోట్‌బుక్ పెట్టి, ఫార్ములా మరిచిపోయారా, ప్రశ్న సరిగా చదవలేదా, లెక్కలో జారారా అన్నది పక్కనే రాయండి. నెల తర్వాత అదే లెక్క మీరే చేసినప్పుడు వచ్చే నమ్మకం ఎవరి ప్రసంగమూ ఇవ్వలేదు. ఉద్యోగాల వేటలో ఉన్న బీటెక్ వారికీ ఇదే దారి. ఆప్టిట్యూడ్ రౌండ్‌కు వీడియోలు చూస్తే చాలదు, టైమ్ పెట్టుకుని మాక్ టెస్టులు రాయాలి. నిద్ర తగ్గించుకోకండి. నిద్ర లేని తలకు వచ్చిన లెక్క కూడా రానట్టే ఉంటుంది.

కాలేజీలకు, తల్లిదండ్రులకు కూడా ఒక మాట. ప్రతి టెస్ట్ తర్వాత గోడ మీద ర్యాంకులు అతికించి, మార్కులు తగ్గినవారిని కింది సెక్షన్‌కు పంపడం క్రమశిక్షణ కాదు, నమ్మకాన్ని కూల్చడం. విశాఖపట్నంలో నీట్‌కు సిద్ధమవుతున్న 17 ఏళ్ల విద్యార్థిని మృతి కేసులో సుప్రీంకోర్టు 2025 జులైలో మార్గదర్శకాలు ఇచ్చింది. మార్కులను బట్టి బ్యాచ్‌లు విడదీయడం, అందరి ముందు అవమానించడం మానుకోవాలని, 100 మంది, అంతకు మించి విద్యార్థులున్న సంస్థలో అర్హత గల కౌన్సెలర్, సైకాలజిస్ట్ లేదా సోషల్ వర్కర్ కనీసం ఒకరు ఉండాలని చెప్పింది. మీ పిల్లల కాలేజీలో అలాంటివారు ఉన్నారో లేదో అడగండి, అడిగే హక్కు మీకుంది.

చివరిగా విద్యార్థులకు: ఇంటర్‌లో సబ్జెక్టు తప్పినా అంతా అయిపోయినట్టు కాదు, అదే ఏడాది సప్లిమెంటరీ రాసే వీలుంది. నిద్ర పట్టకపోయినా, తిండి సహించకపోయినా, బతకాలనిపించకపోయినా అది ఒంటరిగా మోసే బరువు కాదు. వెంటనే ఇంట్లో వారికో లెక్చరర్‌కో చెప్పండి. కేంద్ర ప్రభుత్వ టెలీ మానస్ నంబరు 14416. రోజంతా పనిచేస్తుంది, తెలుగులో మాట్లాడవచ్చు, డబ్బు కట్టనక్కర్లేదు.