పెరట్లో హాట్ టబ్: నీళ్లకంటే ముందు కాగితాలు

ప్రశ్న: మాది డాలస్ దగ్గర ఫ్రిస్కో. శనివారం సరదాగా హోమ్ షోకి వెళ్లి, ఆరుగురు కూర్చునే హాట్ టబ్‌కి 2,000 డాలర్లు అడ్వాన్స్ ఇచ్చి వచ్చాం. ఇంటికొచ్చాక మా ఆవిడ "హెచ్‌ఓఏ వాళ్లని అడిగారా?" అంది. అడగలేదు. డీలర్‌కి ఫోన్ చేస్తే, అడ్వాన్స్ తిరిగి ఇవ్వమని రసీదు మీదే ఉందన్నాడు. వేసవిలో గుంటూరు నుంచి అమ్మానాన్నలు వస్తారు. చుట్టుపక్కల పిల్లలు సగం రోజు మా పెరట్లోనే ఉంటారు. టబ్ పెట్టుకుంటే చట్టపరంగా ఏమేం చూసుకోవాలి? వద్దనుకుంటే డబ్బు తిరిగొస్తుందా?

జవాబు: వస్తుంది. కానీ గడువు మూడు పనిదినాలే. ఈ సంచిక మీ చేతికొచ్చేసరికి అది దాటిపోతుంది కాబట్టి మీకు ముందే విడిగా చెప్పేశాను. ఇక్కడ రాసేది మీలాగే షోలో నురగలు కక్కే నీళ్లు చూసి మనసు పారేసుకోబోయే మిగతావాళ్ల కోసం.

అమెరికాలో ఫెడరల్ ట్రేడ్ కమిషన్ వారి 'కూలింగ్ ఆఫ్' నిబంధన ఒకటుంది. అమ్మేవాడు మీ ఇంటికొచ్చి 25 డాలర్లు, ఆపైన విలువైన సరుకు అమ్మినా, కన్వెన్షన్ సెంటర్, హోటల్ హాలు, ఫెయిర్ గ్రౌండ్ లాంటి తాత్కాలిక చోట 130 డాలర్లు, ఆపైన అమ్మినా మూడో పనిదినం అర్ధరాత్రి దాకా మీరు రద్దు చేసుకోవచ్చు. కారణం చెప్పనక్కర్లేదు. శనివారం పనిదినమే, ఆదివారం, ఫెడరల్ సెలవులు మాత్రం లెక్కలోకి రావు. శనివారం కొన్నారంటే సోమ, మంగళ, బుధ. గురువారం కొని ఉంటే శుక్ర, శని, సోమ. రద్దు ఫారం రెండు కాపీలు ఇవ్వడం డీలర్ బాధ్యత. ఒకటి సంతకం చేసి, తేదీ వేసి, గడువులోగా పోస్టు చేస్తే సరిపోతుంది. సర్టిఫైడ్ మెయిల్‌లో పంపండి, ఆ చీటీ దాచుకోండి. ఫోన్లో "వద్దండీ" అంటే మాత్రం చెల్లదు. రద్దు నోటీసు డీలర్‌కి అందాక 10 పనిదినాల్లో డబ్బు వెనక్కి రావాలి. రసీదు మీద 'నో రిఫండ్' అని ఎంత పెద్ద అక్షరాలతో అచ్చు వేసినా ఈ హక్కు పోదు. టెక్సస్ రాష్ట్ర చట్టంలోనూ ఇలాంటి రక్షణే ఉంది. ఫారం ఇవ్వాల్సిన చోట ఇవ్వకపోతే అక్కడ ఆ ఒప్పందం చెల్లుబాటే ప్రశ్నార్థకమవుతుంది.

చాలామంది దెబ్బతినేది ఇంకోచోట. షోలో టబ్ చూసి, "మర్నాడు మా షోరూంకి రండి, ఇంకో 500 తగ్గిస్తాం" అంటే వెళ్లి అక్కడ సంతకం పెడతారు. శాశ్వత దుకాణంలో కుదిరిన బేరానికి ఈ మూడు రోజుల వెసులుబాటు లేదు. మొత్తం ఆన్‌లైన్‌లోనో ఫోన్లోనో కొన్నదానికీ లేదు. ఆ 500 తగ్గింపుకి మీరేం వదులుకుంటున్నారో తెలుసుకుని సంతకం పెట్టండి.

అడ్వాన్స్ క్రెడిట్ కార్డు మీద ఇచ్చారా, జెల్ యాప్‌లో పంపారా అన్నది కూడా ముఖ్యమే. సరుకు రాకపోతే, కార్డు బిల్లు పంపిన 60 రోజుల్లో బ్యాంకుకి రాతపూర్వకంగా అభ్యంతరం చెప్పే హక్కు ఫెడరల్ చట్టం ఇచ్చింది. మీ చేత్తో మీరే జెల్ చేసిన డబ్బుకి ఆ దారి లేదు. మనవాళ్లకి 3 శాతం కార్డు చార్జీ అంటే ప్రాణం విలవిల్లాడుతుంది. వేల డాలర్ల సరుకు విషయంలో ఆ 3 శాతాన్ని బీమా ప్రీమియం అనుకోండి.

ఇక హెచ్‌ఓఏ, అంటే కాలనీ ఇళ్ల యజమానుల సంఘం. టబ్ మాత్రమే కాదు, దాని కింద వేసే కాంక్రీటు పలక, చుట్టూ కట్టే తెర, పైన వేసే పందిరి, అన్నిటికీ ముందే దాని కమిటీకి దరఖాస్తు పెట్టాలి. 400 గ్యాలన్ల నీళ్లు ఒక్కటే సుమారు 3,300 పౌండ్లు, అంటే 1,500 కిలోలు. టబ్బు, మనుషుల బరువు దానికి అదనం. చెక్క డెక్ మీద పెడతానంటే కమిటీ ఇంజనీరు లెక్క అడగడం వేధింపు కాదు. మీ ప్లాట్ సర్వే కాగితం తీసి యుటిలిటీ ఈజ్‌మెంట్, అంటే గ్యాస్, కరెంటు లైన్ల కోసం వదిలిన జాగా, ఎక్కడుందో కూడా చూడండి. ఈజ్‌మెంట్ మీద పెట్టిన టబ్‌ని గ్యాస్ కంపెనీయో కరెంటు కంపెనీయో తీయమంటే సాధారణంగా ఆ ఖర్చు మీదే.

కమిటీ కాదన్నప్పుడు ఊరుకోనక్కర్లేదు. టెక్సస్‌లో 2021లో వచ్చిన మార్పుల ప్రకారం, తిరస్కరించే కమిటీ ఎందుకు కాదంటోందో వివరంగా, ఏం మారిస్తే ఒప్పుకుంటుందో సహా రాసి ఇవ్వాలి. ఆ నోటీసు పంపిన 30 రోజుల్లోగా మీరు బోర్డు ముందు విచారణ కోరవచ్చు. కోరాక బోర్డు 30 రోజుల్లో విచారణ జరపాలి. పెద్ద కాలనీల్లో బోర్డు సభ్యులు గానీ, వాళ్ల భార్యాభర్తలు గానీ ఆ కమిటీలో ఉండకూడదని కూడా అదే చట్టం అంది. అంతకంటే పనికొచ్చే సంగతి ఇంకోటి: పిల్లలు లోపలికి రాకుండా పూల్ చుట్టూ, స్పా చుట్టూ వేసే జాలీ కంచె భద్రతా నిబంధనలకి తగినట్టుంటే హెచ్‌ఓఏ దాన్ని నిషేధించలేదు. లోహపు ఫ్రేములో పారదర్శకమైన నల్లటి జాలీ, ఆరడుగులకి మించని ఎత్తు. అందం చెడిపోతుందని ఎవరైనా అంటే ఆ నిబంధన చూపించండి.

కాలిఫోర్నియాలో ఉన్నవారికి: అక్కడా తిరస్కరణ రాతపూర్వకంగా, కారణాలతో ఉండాలి, బోర్డు దగ్గర పునఃపరిశీలన కోరవచ్చు. ఇంటి మరమ్మతుల కాంట్రాక్టరు అడ్వాన్స్‌గా 1,000 డాలర్లు లేదా మొత్తంలో 10 శాతం, ఏది తక్కువైతే అంతకు మించి తీసుకోకూడదు.

కరెంటు దగ్గర మాత్రం పొదుపు వద్దు. పెద్ద టబ్‌లు సాధారణంగా 240 వోల్టుల మీద, 50 ఆంపియర్ల జీఎఫ్‌సీఐ బ్రేకర్‌తో నడుస్తాయి. నీళ్లలోకి కరెంటు లీకైతే మనిషికి ప్రాణాపాయం కలిగేలోపే కట్ చేసేది ఆ బ్రేకరే. కరెంటు ఆపే స్విచ్ టబ్‌కి కనీసం 5 అడుగుల దూరంలో, అక్కణ్ణుంచి కనపడేలా ఉండాలని నేషనల్ ఎలక్ట్రికల్ కోడ్ 680వ ఆర్టికల్ చెబుతుంది. 5 అడుగులు ఎందుకంటే నీళ్లలో కూర్చున్నవాడికి చెయ్యి అందకూడదు. కనపడాలని ఎందుకంటే రిపేరు చేసేవాడు లోపల ఉండగా ఇంకెవరో వచ్చి ఆన్ చేయకూడదు. "మా ఫ్రెండ్‌కి వైరింగ్ వచ్చు, వీకెండ్‌లో పెట్టేస్తాడు" అనే మాట తెలుగు వాట్సాప్ గ్రూపుల్లో తరచూ వింటాను. టెక్సస్‌లో ఎలక్ట్రీషియన్‌కి రాష్ట్ర లైసెన్సు ఉండాలి, రాష్ట్ర లైసెన్సుల శాఖ టీడీఎల్‌ఆర్ వెబ్‌సైటులో పేరు కొడితే తెలిసిపోతుంది. మీ సిటీ పర్మిట్ తీసుకుని, ఇన్‌స్పెక్టర్ ఆమోదించిన కాగితం ఇంటి దస్తావేజులతోపాటు దాచండి. ప్రమాదం జరిగినప్పుడు బీమా కంపెనీ అడగబోయే వాటిలో అదొకటి.

ఇప్పుడు పిల్లల సంగతి. ఇది మీ ప్రశ్నలో చివర వచ్చింది కానీ నాకు అన్నిటికంటే ముఖ్యమనిపించింది. ఆంగ్లో అమెరికన్ న్యాయంలో 'ఎట్రాక్టివ్ న్యూసెన్స్' అనే సూత్రం ఉంది. 1873లో ఒక రైల్వే టర్న్‌టేబుల్ మీద ఆడుకుంటూ గాయపడ్డ పిల్లవాడి కేసులో అమెరికా సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పు దీనికి మూలం. పిల్లలు ఆకర్షితులై వస్తారని, వస్తే ప్రమాదమని, వాళ్లకి ఆ ప్రమాదం అర్థం కాదని తెలిసీ సహేతుకమైన జాగ్రత్త తీసుకోని స్థలయజమాని, ఆ పిల్లలు చెప్పకుండా లోపలికొచ్చినా సరే బాధ్యుడు కావచ్చు. "నేను పిలవలేదు కదా" అన్న వాదన పెద్దల విషయంలో నిలిచినంతగా పిల్లల విషయంలో నిలవదు. తాళం వేసే మూత దీనికి మొదటి జవాబు. కొనేటప్పుడే ఆ మూత ఏఎస్‌టీఎం ఎఫ్1346 ప్రమాణానికి తగినదేనా అని అడిగి రాయించుకోండి. కాలిఫోర్నియాలో కొత్త పూల్‌కి చట్టం చెప్పిన ఏడు రక్షణల్లో రెండు తప్పనిసరి. ఆ ప్రమాణం ఉన్న తాళపు మూత హాట్ టబ్‌కి ఉంటే ఆ నిబంధన నుంచి మినహాయింపు ఉంది. అయితే మూతకి తాళం ఉండటం వేరు, వేయడం వేరు. తాళం వేయని మూత కోర్టులో మీకు వ్యతిరేకంగా సాక్ష్యం చెబుతుంది.

రెండో ప్రమాదం నీళ్లలో కనపడదు. 2002లో వర్జీనియా గ్రేమ్ బేకర్ అనే ఏడేళ్ల పాప హాట్ టబ్ అడుగున ఉన్న డ్రైన్ పీల్చుడుకి అతుక్కుపోయి మునిగి చనిపోయింది. ఆ పాపకి ఈత బాగానే వచ్చు. ఇద్దరు పెద్దవాళ్లు లాగితే గానీ విడిపించలేకపోయారు, ఆ బలానికి డ్రైన్ మూతే విరిగింది. ఆమె తాత జేమ్స్ బేకర్ హ్యూస్టన్‌వాడు, అమెరికా విదేశాంగ మంత్రిగా చేసినవాడు. తల్లి నాన్సీ ఏళ్ల తరబడి పోరాడితే 2007 డిసెంబరులో ఆ పాప పేరు మీదే చట్టం వచ్చింది. ఆ చట్టం ప్రకారం అమెరికాలో అమ్మే డ్రైన్ మూతలన్నీ పట్టి పీల్చకుండా ఉండే ప్రమాణానికి తగినట్టు ఉండాలి. కానీ మీరు కొనే పాత ఇంట్లో, కాంక్రీటుతో కట్టిన పాత స్పాలో ఏముందో ఎవరు చూస్తారు? టెక్సస్‌లో ఇల్లు అమ్మేవాడు నింపి ఇవ్వాల్సిన సెల్లర్స్ డిస్‌క్లోజర్ నోటీసులో 'సింగిల్ బ్లాకబుల్ మెయిన్ డ్రైన్', అంటే మనిషి ఒంటితో మూసుకుపోగల ఒకే ఒక్క డ్రైన్, అని ఒక గడి ఉంటుంది. చాలామంది రూఫ్, ఫౌండేషన్ చూసి పేజీ తిప్పేస్తారు. అక్కడ 'ఎస్' అని ఉంటే, ఆ డ్రైన్ సంగతి తేలేదాకా పిల్లల్ని అందులోకి దించకండి.

వారంటీ గురించి నా అభిప్రాయం కాస్త కఠినం. బోర్డు మీద '10 ఇయర్ వారంటీ' అని ఉంటే, ఆ పదేళ్లు తరచూ షెల్‌కి, అంటే నీళ్లు నిలిచే తొట్టికి మాత్రమే. చెడిపోయేవి పంపు, హీటరు, కంట్రోల్ బోర్డు, మూత. వాటికి రెండేళ్లో మూడేళ్లో, మూతకైతే ఇంకా తక్కువ. 1975 నాటి మాగ్నుసన్ మాస్ చట్టం ప్రకారం 15 డాలర్లు దాటిన సరుకు వారంటీ కాగితం కొనకముందే చదువుకోవడానికి అందుబాటులో ఉంచాలి. అది 'ఫుల్' వారంటీయో 'లిమిటెడ్' వారంటీయో స్పష్టంగా రాయాలి. ఫలానా కంపెనీ ఫిల్టరే, ఫలానా బ్రాండ్ క్లోరినే వాడాలని, లేకపోతే వారంటీ చెల్లదని షరతు పెట్టకూడదు. అయితే నీళ్ల కెమిస్ట్రీ సరిగా లేక హీటరు తుప్పు పట్టిందని కంపెనీ అనవచ్చు. అప్పుడు మీ దగ్గరుండాల్సింది ఒక నోట్‌బుక్. ఉచిత క్లోరిన్ కనీసం 3 పీపీఎం, బ్రోమిన్ అయితే 4 నుంచి 8, పీహెచ్ 7.0 నుంచి 7.8 మధ్య ఉండాలని అమెరికా వ్యాధి నియంత్రణ సంస్థ సీడీసీ సూచన. టెస్ట్ స్ట్రిప్ ముంచినప్పుడల్లా తేదీ, అంకెలు రాసి, ఫోన్లో ఫొటో తీయండి. చర్మం మీద దద్దుర్లు, లెజియోనెల్లా లాంటి జబ్బులు రాకుండా కాపాడే అలవాటే వివాదంలో సాక్ష్యమూ అవుతుంది.

డీలర్ మాట తప్పితే టెక్సస్ వినియోగదారుల రక్షణ చట్టం డీటీపీఏ కింద దావాకి కనీసం 60 రోజుల ముందు రాతపూర్వక నోటీసు ఇవ్వాలి. చాలా గొడవలు ఆ ఉత్తరం దగ్గరే తేలిపోతాయి. తేలకపోతే జస్టిస్ కోర్టులో 20,000 డాలర్ల దాకా లాయరు లేకుండానే వేసుకోవచ్చు. ఒప్పందంలో కోర్టుకి బదులు మధ్యవర్తి దగ్గరే తేల్చుకోవాలనే ఆర్బిట్రేషన్ షరతు ఉందేమో మాత్రం ముందే చూడండి.

అమ్మానాన్నల గురించి ఒక మెలిక ఉంది. హోమ్ ఇన్సూరెన్స్‌లోని లయబిలిటీ భాగం అతిథి జారిపడితే పనికొస్తుంది, కానీ సాధారణంగా మీ ఇంట్లో నివసించే బంధువులకి వర్తించదు. ఆరు నెలలు ఉండే తల్లిదండ్రులు అతిథులా, ఇంటివారా? మీ ఏజెంట్‌ని ఈమెయిల్‌లో అడగండి, జవాబు కూడా ఈమెయిల్‌లోనే తీసుకోండి. టబ్ పెట్టిన సంగతి కంపెనీకి తెలియజేసి, అంబ్రెల్లా పాలసీ, అంటే అదనపు లయబిలిటీ బీమా, ధర కూడా కనుక్కోండి. వాళ్లకి మీరు విడిగా తీసుకునే విజిటర్ ఇన్సూరెన్స్‌లో పాత జబ్బులకి ఏ మేరకు కవర్ ఉందో చదవండి. నీటి వేడి 104 డిగ్రీల ఫారన్‌హీట్, అంటే 40 సెల్సియస్ దాటకూడదు. బీపీ మాత్రలు వేసుకునే నాన్నగారు దిగేముందు డాక్టర్ని అడగాలి, అదీ గుంటూరులో ఉండగానే.

పొరుగువారితో గొడవ రాత్రి పదింటి తర్వాత పాటలతో మొదలవుతుంది, నీళ్లు వదిలే రోజున ముదురుతుంది. క్లోరిన్ నీళ్లు వీధి పక్క వాన కాలువలోకి వదలకండి. అవి శుద్ధి కాకుండా నేరుగా వాగుల్లోకి పోతాయి కాబట్టి చాలా సిటీల్లో అది జరిమానా పడే పని. క్లోరిన్ తగ్గేదాకా ఆగి మీ గడ్డిలోకో, సిటీ ఒప్పుకుంటే మురుగు పైపులోకో వదలండి.

ఎప్పుడో ఇల్లు అమ్మితే టబ్ ఇంటితో వెళ్తుందా, మీతో వస్తుందా అన్నది కొనేవాళ్లకీ మీకూ చివరి నిమిషం తగాదా. నేలలో కట్టిన స్పా ఇంటిలో భాగమే. ప్లగ్ పీకి లారీ ఎక్కించగలిగినదానికి మాత్రం 'నాన్ రియల్టీ ఐటమ్స్' అనుబంధం వాడి, టబ్, మూత, మెట్లు, తాళం చెవులతో సహా ఏది ఎవరిదో రాసి సంతకాలు తీసుకోండి.