దీపం వెలిగిందని టర్బోను మార్చకండి
(వాహనాల సంరక్షణ పాఠం)

ఉదయం పాలు వేళకు శీతలీకరణ కేంద్రం చేరాలంటే సంఘం వాహనం దారిలో మొరాయించకూడదు. నేడు మనం వాడే డీజిలు కార్లు, జీపులు, వ్యాన్లలో చాలా వాటికి టర్బోఛార్జరు ఉంటుంది. ఇంజను దీపం వెలిగి, బండి లాగడం మానేసినపుడు మెకానిక్కు స్కానరు పెడితే ఒక్కొక్కసారి ‘పి0049’ అనే కోడు కనిపిస్తుంది. టర్బో చక్రం మితిమీరిన వేగంతో తిరుగుతున్నదని దాని అర్థం. ఇది ఎందుకు వస్తుందో, ముందుగా ఏవి చూసుకోవాలో తెలుసుకుందాం.

టర్బో చేసే పని

టర్బోలో ఒకే ఇరుసుకు రెండు చివరల రెండు చక్రాలుంటాయి. ఇంజను వదలిన వేడి వాయువులు మొదటి చక్రాన్ని తిప్పుతాయి. దానితోపాటు తిరిగే రెండవ చక్రం బయటి గాలిని ఒత్తి ఇంజనులోకి పంపుతుంది. గాలి ఎక్కువ అందితే ఎక్కువ డీజిలు మండుతుంది. చిన్న ఇంజనే పెద్ద బరువు లాగుతుంది. స్విట్జర్లాండు ఇంజనీరు ఆల్ఫ్రెడ్ బ్యూఖి 1905లో ఈ పద్ధతికి పేటెంటు తీసుకున్నారు.

కారు టర్బో నిమిషానికి లక్ష చుట్లకు పైగా తిరగగలదు. అంత వేగంలో ఇరుసును కాపాడేది పలుచని ఆయిలు పొర ఒక్కటే. వేగం హద్దు మీరితే బేరింగులు దెబ్బతింటాయి, రెక్కలు విరగవచ్చు. అందుకే కంప్యూటరు ఇంజను శక్తిని తగ్గిస్తుంది.

వేగం ఎందుకు పెరుగుతుంది?

1. గాలి గొట్టం పగులు: టర్బో నుండి ఇంటర్‌కూలరు మీదుగా ఇంజనుకు పోయే హోసు చిట్లినా, క్లిప్పు వదులైనా గాలి కారిపోతుంది. ఒత్తిడి చాలలేదని కంప్యూటరు టర్బోను మరింత తిప్పుతుంది.
2. దుమ్ము పట్టిన ఎయిర్ ఫిల్టరు: గాలి సరిగా అందక, అదే ఒత్తిడి కోసం చక్రం మరింత వేగంగా తిరగవలసి వస్తుంది. మట్టిరోడ్ల మీద తిరిగే బండ్లకు ఇది ముఖ్యం.
3. వేస్ట్‌గేటు మూసుకుపోవడం: అదనపు వాయువులను పక్కకు వదిలే తలుపు ఇది. కొన్ని టర్బోలలో దీనికి బదులు కదిలే రెక్కలుంటాయి. మసి పట్టి అవి బిగుసుకుపోతాయి.
4. ఒత్తిడిని కొలిచే సెన్సారు, దాని వైర్లు, వ్యాక్యూమ్ గొట్టాలు పాడవడం.

పరీక్షలో వరుస

పాలలో లాక్టోమీటరు తక్కువ చూపితే కారణం వెతుకుతాం గాని లాక్టోమీటరును పారవేయం. కోడు కూడా అటువంటిదే. అది జరిగినదానిని చెబుతుంది, కారణాన్ని కాదు. టర్బోను మార్చి, పగిలిన హోసును అలాగే ఉంచితే దీపం మళ్ళీ వెలుగుతుంది. సంఘం డబ్బు వృథా అవుతుంది.

కనుక ఇంజను చల్లారిన తరువాత ముందు ఫిల్టరు, తరువాత హోసులు (ముఖ్యంగా అడుగువైపు), క్లిప్పులు చూడాలి. హోసు మీద ఆయిలు తడి, బండి లాగేటపుడు ఈల వంటి శబ్దం గాలి కారుతున్నదనడానికి గుర్తులు. ఆపైన వేస్ట్‌గేటు, సెన్సారు చూపించాలి. ఇరుసు ఊగుతున్నా, రెక్కలు గోడకు రాసుకున్నా అప్పుడే టర్బో మార్పిడి గురించి ఆలోచించాలి.

డ్రైవరు సోదరులకు

కోడును చెరిపేసి బండి నడపడం మరమ్మతు కాదు. దీపం వెలిగితే యాక్సిలరేటరు గట్టిగా తొక్కకండి. వింత శబ్దం గాని, నీలిపొగ గాని వస్తే బండి ఆపి, పాలను వేరే వాహనంలోకి మార్పించండి. కంపెనీ చెప్పిన ఆయిలును గడువుకు మార్చండి. బరువుతో వచ్చి ఆగినపుడు ఇంజనును ఒక నిమిషం నెమ్మదిగా తిరగనిచ్చి ఆపండి. ఫిల్టరు, హోసుల తనిఖీ తేదీలను సంఘం వాహన పుస్తకంలో వ్రాసి ఉంచుకుందాం.