జింకల కాపరి పనులు: రైతులు తెలిసికొనవలసిన సంగతులు

శ్రీకాకుళము జిల్లా దాటి ఉత్తరముగా పోయినచో గంజాము జిల్లా వచ్చును. 1936 వరకు అది చెన్నరాజధానిలోనిది. తెలుగు కుటుంబములు నేటికిని అందు గలవు. అచటి భేట్నొయి, బలిపదర్ గ్రామముల పొలములలో కృష్ణజింకలు మందలుగా మేయును. పూర్వమొక కఱవునందు జింకలు రాగా వాన కురిసెనని నమ్మి గ్రామస్థులు వానిని కొట్టరు. గంజామున 2011 సంవత్సరపు గణనలో 2,194 జింకలుండగా, 2020 నాటికి అవి 6,875 అయ్యెను.

జింకలు పెరిగినచోట కాపరికి మొదటి పని లెక్క. తెల్లవారగనే, ఒకే దినమున, అన్ని దిక్కుల నుండియు చూచి ఇఱ్ఱులను, లేళ్లను, పిల్లలను వేఱువేఱుగా వ్రాసికొనవలయును. దినములు మాఱినచో ఒకే మంద రెండుమార్లు లెక్కకెక్కును. పిల్లలు తగ్గినచో ఊరకుక్కల జాడ వెదకవలయును.

చేను పాడైనదని కబురు వచ్చినపుడు కాపరి మొదట మొక్కల కొనలు చూచును. జింకకు పై దవడయందు ముందుపండ్లు లేవు. కావున అది తిన్న కొన చించినట్లు పీచుతేలి యుండును. కుందేలు కొఱికిన కాడ కత్తితో ఏటవాలుగా కోసినట్లుండును. పంది నేల పెల్లగించి పోవును. పందులు చేసిన పాపము జింకలకు అంటగట్టుట తఱచు. మన కొండవాలు చేలకు వచ్చు దుప్పి, కణుజుల విషయమందును ఇదే పరీక్ష చెల్లును. పాడైన చేనిలో పశువులను విడిచినచో ఈ గుర్తులు చెఱిగిపోవును. అంతట రైతు అర్జీకి ఆధారముండదు. కావున చూచిన దినముననే కబురు పంపవలెను.

రైతు కోపము అకారణము కాదు. నంద్యాల జిల్లా రోళ్లపాడునందు బట్టమేకపిట్ట కొఱకు కాపుదల ఏర్పడిన పిమ్మట కృష్ణజింకలును పెరిగి చుట్టుపట్ల చేలలో పడెను. అయినను 1972 సంవత్సరపు వన్యప్రాణి సంరక్షణ చట్టము ప్రకారము జింకను చంపుట నేరము. కంచెకు కరెంటు పెట్టినచో జింకకంటె ముందు పాలేరో, ఎద్దో చచ్చును.

గడ్డిలో ఒంటరిగా పడుకొనిన జింకపిల్లను దిక్కులేనిదని ఇంటికి తేరాదు. తల్లి దానిని దాచి మేతకు పోయి, పాలిచ్చుటకు మరల వచ్చును. పెద్ద జింకను తరిమి పట్టరాదు. గాయము లేకున్నను అతిశ్రమచే కండరములు చెడి, కొన్ని గంటలకో దినములకో అది చచ్చుట కలదు. నేలబావిలో పడినదానిని తీయవలసినచో జనమును దూరముగా నుంచి, కండ్లకు గుడ్డ కప్పి, అటవీశాఖవారు వచ్చువఱకు సద్దు చేయక యుండవలయును. పొలములోని బావికి పిట్టగోడ కట్టించినచో ఆ పనియే రాదు.