తీపి వైన్ల నాణ్యతలో బొట్రైటిస్ శిలీంధ్రం పాత్ర – ఎంపికలో గమనించవలసిన అంశాలు

బొట్రైటిస్ సినీరియా అనే శిలీంధ్రం శనగ, స్ట్రాబెర్రీ, గులాబీ, జెర్బెరా వంటి అనేక పంటలలో బూడిదరంగు బూజు తెగులును కలుగజేస్తుంది. ద్రాక్షలో ఇది గుత్తికుళ్ళుకు కారకమై దిగుబడిని, నాణ్యతను దెబ్బతీస్తుంది. అయితే ఫ్రాన్స్, హంగరీ, జర్మనీ దేశాలలోని కొన్ని ప్రాంతాలలో రైతులు ఈ శిలీంధ్రం కోసమే ఎదురు చూస్తారు. భోజనానంతరం కొద్ది పరిమాణంలో సేవించే తీపి వైన్లలో అత్యంత విలువైనవి కొన్ని ఈ తెగులు సోకిన పండ్ల నుండే తయారవుతాయి. ఒకే శిలీంధ్రం ఒకచోట నష్టాన్ని, మరొకచోట విలువను చేకూర్చడానికి గల కారణాలు తెలిసినప్పుడే తీపి వైన్ల నాణ్యతను సరిగా అంచనా వేయడం సాధ్యమవుతుంది.

తెగులు మేలుగా మారే విధానం

బోర్డో నగరానికి ఆగ్నేయంగా ఉన్న సోటెర్న్ ప్రాంతం దీనికి చక్కని ఉదాహరణ. అక్కడ చల్లని నీరు గల సిరాన్ అనే చిన్న నది, అంతకంటె వెచ్చని గరోన్ నదిలో కలుస్తుంది. ఈ ఉష్ణోగ్రతా భేదం వలన శరదృతువులో రాత్రివేళ పొగమంచు ఏర్పడి, ఉదయం వరకు తోటలను కప్పి ఉంచుతుంది. ఆ తేమలో శిలీంధ్రం పండ్లపై వృద్ధి చెందుతుంది. మధ్యాహ్నం ఎండకు, గాలికి గుత్తులు ఆరిపోవడంతో దాని వ్యాప్తి అదుపులో ఉంటుంది.

పూర్తిగా పక్వమైన పండు తొక్కలోనికి శిలీంధ్ర తంతువులు చొచ్చుకొనిపోయి సూక్ష్మరంధ్రాలను ఏర్పరుస్తాయి. పొడి వాతావరణంలో వాటి ద్వారా పండులోని నీరు ఆవిరై చక్కెర గాఢత పెరుగుతుంది. శిలీంధ్రం కొంత చక్కెరను, టార్టారిక్ ఆమ్లాన్ని వినియోగించుకొని గ్లిసరాల్, గ్లూకోనిక్ ఆమ్లం వంటి పదార్థాలను ఉత్పత్తి చేస్తుంది. తేనెను, ఎండిన ఆప్రికాట్‌ను గుర్తుకు తెచ్చే ప్రత్యేక సువాసనలు కూడా ఈ దశలోనే రూపుదిద్దుకొంటాయి. దీనినే 'ఉత్తమ కుళ్ళు' అని వ్యవహరిస్తారు. సెమియాన్ రకం పండ్ల తొక్క పలుచగా ఉండుట వలన ఈ ప్రక్రియకు అనుకూలమైనది.

వర్షాలు ఎడతెగక కురిసినా, పండు పక్వం కాకముందే లేక తొక్క పగిలిన తరువాత శిలీంధ్రం సోకినా ఫలితం తారుమారవుతుంది. పండ్లు ఎండిపోవడానికి బదులు మెత్తబడి కుళ్ళిపోతాయి. ఇతర శిలీంధ్రాలు, ఎసిటిక్ ఆమ్లాన్ని ఉత్పత్తి చేసే బాక్టీరియా చేరి రసం పులిసి వెనిగర్ వాసన వస్తుంది.

కోతలో నష్టభయం

ఒకే గుత్తిలోని పండ్లన్నీ ఒకేసారి ఈ దశకు చేరుకోవు. అందువలన కూలీలు అదే తోటలో అనేక పర్యాయాలు తిరిగి, తగిన విధంగా ముడుచుకొన్న పండ్లను మాత్రమే చేతితో ఏరి కోస్తారు. పండులోని నీరు తగ్గుట వలన రసం దిగుబడి కూడా పడిపోతుంది. సోటెర్న్ వైన్‌కు నిబంధనల ప్రకారం అనుమతించిన గరిష్ఠ దిగుబడి హెక్టారుకు 25 హెక్టోలీటర్లు మాత్రమే. ఎదురుచూస్తున్న రోజులలో పెద్ద వర్షం కురిస్తే మిగిలిన పంట చేజారవచ్చు. 1855 నాటి వర్గీకరణలో సోటెర్న్ వైన్లలో అగ్రస్థానం పొందిన షాతో దికెమ్ సంస్థ, నాణ్యత సంతృప్తికరంగా లేనందున 1992, 2012 సంవత్సరాల పంటల నుండి తన ప్రధాన వైన్‌ను విడుదల చేయలేదు. ఇటువంటి వైన్ల అధిక ధరకు కూలీ ఖర్చు, తక్కువ దిగుబడి, ఈ నష్టభయం ప్రధాన కారణాలు.

తీపి వచ్చే ఇతర మార్గాలు

వైన్ తీపిగా ఉన్నంత మాత్రాన అది బొట్రైటిస్ వలన వచ్చినదని భావించరాదు. ఇటలీలో కోసిన పండ్లను ఆరబెట్టి 'పాసిటో' వైన్లను తయారుచేస్తారు. జర్మనీలో 'ఐస్‌వైన్' కొరకు ఉష్ణోగ్రత -7 డిగ్రీల సెల్సియస్ లేక అంతకంటె తక్కువకు పడిపోయినప్పుడు తీగపైనే గడ్డకట్టిన పండ్లను కోసి, ఆ స్థితిలోనే రసం తీస్తారు. నీరు మంచుగా మిగిలిపోవుట వలన చక్కెరతోపాటు ఆమ్లత కూడా గాఢమవుతుంది. పోర్చుగల్‌లోని పోర్ట్ వైన్‌లో ద్రాక్ష స్పిరిట్ కలిపి కిణ్వ ప్రక్రియను మధ్యలో నిలిపివేస్తారు. అందువలన చక్కెర మిగిలిపోవడమే కాక, ఆల్కహాల్ 19 నుండి 22 శాతం వరకు ఉంటుంది.

ఎంపికకు ప్రమాణాలు

ఎంపికలో మొదటి ప్రమాణం తీపి, పులుపుల సమతుల్యం. వైన్‌లో ఒక శాతం ఆల్కహాల్ ఏర్పడటానికి లీటరు రసంలో సుమారు 17 గ్రాముల చక్కెర అవసరం. ఒక రసంలో లీటరుకు 350 గ్రాముల చక్కెర ఉండి, 14 శాతం ఆల్కహాల్ వద్ద కిణ్వ ప్రక్రియ ఆగితే 238 గ్రాములు ఖర్చయి, సుమారు 112 గ్రాములు మిగులుతాయి. ఇంత చక్కెరకు తగిన ఆమ్లత లేనిచో వైన్ పానకం వలె వెగటు కలిగిస్తుంది. ఆమ్లత ఉన్నచో మింగిన తరువాత నోరు శుభ్రపడిన అనుభూతి మిగులుతుంది. హంగరీలోని టోకాయ్ ప్రాంతపు ఆసు వైన్లలో ప్రస్తుత నిబంధనల ప్రకారం లీటరుకు కనీసం 120 గ్రాముల చక్కెర ఉండాలి. ఫుర్మింట్ రకానికి సహజంగా గల అధిక ఆమ్లత వలన అంత తీపి కూడా భారంగా తోచదు.

సీసాపై గల వివరాలలో ప్రాంతం, పంట సంవత్సరం, ఆల్కహాల్ శాతం ముఖ్యమైనవి. ఉత్తమ కుళ్ళు ఆ యేటి వాతావరణంపై ఆధారపడుతుంది కనుక పంట సంవత్సరానికి ఇక్కడ ప్రత్యేక ప్రాధాన్యం ఉంది. ఈ వైన్లను 60 నుండి 75 మిల్లీలీటర్ల పరిమాణంలోనే వడ్డిస్తారు. అందువలన 375 మిల్లీలీటర్ల అరసీసా సాధారణంగా సరిపోతుంది. 8 నుండి 12 డిగ్రీల సెల్సియస్ ఉష్ణోగ్రత అనుకూలమైనది. మరీ చల్లబరచినచో సువాసన అణగిపోతుంది.

జతగా తినే పదార్థం వైన్ కంటె తక్కువ తీపిగా ఉండాలి. పాకంలో నానిన గులాబ్ జామూన్ తిన్న తరువాత మంచి సోటెర్న్ కూడా పుల్లగా, పలుచగా తోస్తుంది. ఉప్పదనం గల రోక్‌ఫోర్ట్ జున్ను, పండ్లు, బాదం పదార్థాలు దీనికి చక్కగా నప్పుతాయి.

తెలుగు రాష్ట్రాలలో వర్తింపు

హైదరాబాదు పరిసరాల ద్రాక్ష తోటలలో సాధారణంగా ఏప్రిల్‌లో కొమ్మల కొరకు, అక్టోబరులో కాపు కొరకు కత్తిరింపులు చేస్తారు. ఫిబ్రవరి నుండి ఏప్రిల్ వరకు, పొడి వాతావరణంలో, ఎండలు ముదురుతుండగా కోత సాగుతుంది. ఉదయం పొగమంచు, మధ్యాహ్నం ఎండ వారాల తరబడి క్రమంగా వచ్చే పరిస్థితి ఆ సమయంలో ఉండదు. అకాల వర్షాల తరువాత ఇక్కడి గుత్తులపై కనిపించే బూజు ఆస్పర్జిల్లస్, రైజోపస్, పెనిసిలియం వంటి శిలీంధ్రాల వలన కూడా కావచ్చు. వీటిలో ఆస్పర్జిల్లస్ కార్బొనేరియస్ వంటివి ఓక్రాటాక్సిన్ అనే విషపదార్థాన్ని ఉత్పత్తి చేస్తాయి. కావున బూజు పట్టిన పండ్లు వైన్‌కు పనికివస్తాయన్న అభిప్రాయం రైతులలో కలుగకుండా విస్తరణ శాస్త్రవేత్తలు జాగ్రత్త వహించాలి. ఉష్ణమండల పరిస్థితులలో తీపి వైన్‌కు ఆరోగ్యకరమైన పండ్లను తీగపై ఆలస్యంగా కోయడం లేదా కోసి ఆరబెట్టడం సురక్షితమైన మార్గాలు. నాసిక్ ప్రాంతంలో చెనిన్ బ్లాంక్ రకంతో ఆలస్యపు కోత వైన్లు ఇప్పటికే తయారవుతున్నాయి.

ముగింపు

తెగులు అనేది శిలీంధ్రం, పంట, వాతావరణం అనే మూడింటి కలయిక ఫలితమని మొక్కల రోగ శాస్త్రం బోధిస్తుంది. సోటెర్న్, టోకాయ్ వైన్లు ఈ సూత్రానికి రుచి చూడదగిన నిదర్శనాలు. తీపి ఎంత ఉన్నదన్న ప్రశ్నతోపాటు, అది ఏ మార్గంలో వచ్చినది, దానికి తగిన పులుపు ఉన్నదా అని పరిశీలించేవారు సరైన వైన్‌ను ఎంచుకోగలరు.