చూడి గొర్రెకు పచ్చాకు



మన రాజవొమ్మంగి కొండల ప్రాంతం. పోడు చేసే ఇంట్లో, జీడిమామిడి తోట ఉన్న ఇంట్లో నాలుగు గొర్రెలో మేకలో ఉంటాయి. పిల్లకు జ్వరం వస్తే, బడులు తెరిస్తే, పండగ దగ్గర పడితే ఒక గొర్రెను సంతకు తోలతాం. గొర్రెలంటే మనకు కష్టానికి దాచుకున్న డబ్బు.

ఆ గొర్రె ఎదకు రాకపోతే? చూడి నిలవక ఈసుకుపోతే? పుట్టిన పిల్ల లేచి నిలబడకపోతే? ఏడాది కష్టం పోతుంది. సంఘంలో తీసుకున్న అప్పు మాత్రం మిగులుతుంది.

"దిష్టి తగిలింది" అంటారు కొందరు. "ఆ గొర్రె మంచిది కాదు, అమ్మెయ్యి" అంటారు ఇంకొందరు. గొర్రెను అమ్మే ముందు దాని మేత సంగతి చూద్దాం.

పచ్చదనంలో ఏముంది?

పచ్చగడ్డిలో, పచ్చి ఆకులో విటమిన్లు ఉంటాయి. విటమిన్లు కొంచెం చాలు. కానీ ఆ కొంచెం లేకపోతే ఒళ్ళు సరిగా పనిచేయదు.

గొర్రెకు కొన్ని విటమిన్లు దాని ఒంట్లోనే తయారవుతాయి. విటమిన్ సి అలాంటిదే. విటమిన్ బి దాని పెద్ద పొట్టలో ఉండే సూక్ష్మజీవులు తయారు చేస్తాయి. విటమిన్ డి ఎండ వల్ల వస్తుంది. మిగిలినవి ముఖ్యంగా రెండు. ఒకటి విటమిన్ ఎ. రెండోది విటమిన్ ఇ. ఈ రెండూ మేతలోంచే రావాలి.

గడ్డి పచ్చగా ఉన్నప్పుడు ఇవి బాగా ఉంటాయి. ఎండకు గడ్డి తెల్లబడిందా, అవి కూడా పోతాయి. వరిగడ్డిలో పొట్ట నిండుతుంది. విటమిన్ ఎ మాత్రం దాదాపు ఉండదు.

వానాకాలంలో గొర్రె పచ్చిమేత బాగా తింటుంది. మిగిలిన విటమిన్ ఎ ను కాలేయంలో దాచుకుంటుంది. మనం గాదెలో ధాన్యం దాచుకున్నట్టే. ఆ నిల్వ కొన్ని నెలలు వస్తుంది. ఎండలు ముదిరి, పచ్చిమేత దొరక్కపోతే గాదె ఖాళీ అవుతుంది.

తక్కువైతే ఎలా తెలుస్తుంది?

- సాయంత్రం దొడ్డికి వచ్చేటప్పుడు గొర్రె తడబడుతుంది. రాళ్ళకు, గుంజలకు కొట్టుకుంటుంది. ఇది రేచీకటి.
- కళ్ళ వెంట నీరు కారుతుంది.
- చూడి గొర్రె ఈసుకుపోవచ్చు. ఈనినా మాయ పడకపోవచ్చు.
- పిల్ల చచ్చి పుట్టవచ్చు. లేదా బలం లేకుండా పుట్టవచ్చు.
- పొట్టేలు వీర్యం బాగుండదు. దాటించినా చూడి కట్టదు.

విటమిన్ ఇ తక్కువైతే గొర్రెపిల్ల కండరాలు దెబ్బతింటాయి. కాళ్ళు బిగుసుకుపోతాయి. నడవలేదు, పాలు తాగలేదు. సెలీనియం అనే ఖనిజం తక్కువైనా ఇలాగే జరుగుతుంది.

1922 నాటి సంగతి

1922 అంటే మన ఊరి వాళ్ళు ఏం చెబుతారు? ఆ ఏడాది ఆగస్టు 24న అల్లూరి సీతారామరాజు దళం రాజవొమ్మంగి పోలీసు స్టేషనుపై దాడి చేసింది.

అదే ఏడాది అమెరికాలోని కాలిఫోర్నియాలో ఇంకో సంగతి బయటపడింది. హెర్బర్ట్ ఇవాన్స్, కేథరిన్ బిషప్ అనే ఇద్దరు శాస్త్రవేత్తలు ఎలుకల మీద పరీక్షలు చేశారు. కేథరిన్ బిషప్ మహిళ. ఒక రకం మేత తిన్న ఎలుకలు చూలు కట్టాయి. కానీ పిల్లలు కడుపులోనే చనిపోయాయి. ఆ మేతకు కాస్త ఆకుకూర కలిపారు. అప్పుడు ఎలుకలు చక్కగా పిల్లలను కన్నాయి. ఆకులో ఉన్న ఆ పదార్థానికే తర్వాత విటమిన్ ఇ అని పేరు వచ్చింది. శాస్త్రవేత్తలు దానికి టోకోఫెరాల్ అని ఇంకో పేరు పెట్టారు. బిడ్డను కనడం అనే అర్థం ఉన్న గ్రీకు మాటలోంచి ఆ పేరు పుట్టింది.

ఎండాకాలం లెక్క

గొర్రె చూడి కాలం సుమారు 150 రోజులు. అంటే 5 నెలలు. జనవరి 10న దాటించిన గొర్రె జూన్ రెండో వారంలో ఈనుతుంది. మరి మధ్యలో ఏమున్నాయి? ఫిబ్రవరి, మార్చి, ఏప్రిల్, మే. ఎండాకాలమంతా అది చూడితోనే ఉంటుంది.

కడుపులో పిల్ల ఎక్కువగా చివరి ఆరు వారాల్లోనే పెరుగుతుంది. సరిగ్గా అప్పుడే కొండ మీద గడ్డి ఎండిపోయి ఉంటుంది. అందుకే ఎండాకాలంలో చూడితో ఉన్న గొర్రెను ఎక్కువ కనిపెట్టుకోవాలి.

మనం ఏం చేయగలం?

1. గడ్డి ఎండినా చెట్టు పచ్చగా ఉంటుంది. పనస, రావి, మర్రి, మేడి, అవిశ, మునగ రొట్ట తెచ్చి వేయండి. ముందు చూడి గొర్రెలకు, తర్వాత మిగతా వాటికి. మేకలకూ ఇదే మాట.

2. సుబాబుల్ ఆకు మంచిదే. కానీ మొత్తం మేతలో మూడో వంతు మించకూడదు. ఎక్కువైతే వెంట్రుకలు ఊడతాయి.

3. వానాకాలంలో మిగిలిన ఆకును నీడలో ఆరబెట్టండి. ఎండలో వేస్తే తెల్లబడుతుంది. నీడలో ఆరితే రంగు నిలుస్తుంది, విటమిన్ కూడా చాలావరకు నిలుస్తుంది.

4. దాటించడానికి రెండు మూడు వారాల ముందు నుంచి గొర్రెకు మంచి మేత పెట్టండి. కుదిరితే రోజుకు 200 గ్రాముల దాణా వేయండి. పొట్టేలునూ మరచిపోవద్దు.

5. పిల్ల పుట్టిన గంట లోపల జున్నుపాలు తాగించండి. విటమిన్ ఎ, ఇ కడుపులో ఉన్నప్పుడు పిల్లకు కొద్దిగానే అందుతాయి. జున్నుపాలలోనే బాగా అందుతాయి. ఆ పాలు పిండి పారబోయకండి.

ఇది మరచిపోవద్దు

"మా గొర్రె ఈసుకుపోయింది. విటమిన్ ఇంజెక్షను తెచ్చి వేయించమంటారా?" అని ఒక అక్క అడగవచ్చు.

తొందరపడవద్దు. ఈసుకుపోవడానికి విటమిన్ ఒక్కటే కారణం కాదు. అంటురోగాల వల్ల కూడా అలా జరుగుతుంది. వాటిలో బ్రూసెల్లా వంటివి మనుషులకూ సోకుతాయి. పడిపోయిన పిల్లను, మాయను ఒట్టి చేతులతో తాకవద్దు. కుక్కలకు వేయవద్దు. లోతుగా గొయ్యి తీసి, సున్నం చల్లి పూడ్చాలి. గర్భిణులు ఆ పనికి దూరంగా ఉండాలి.

విటమిన్ ఎ మోతాదు మించినా చెరుపే. అది ఒంట్లో నిల్వ ఉండిపోతుంది. పశువుల డాక్టరు చెప్పినంతే వేయించాలి. పశువుల సంచార వైద్యం కోసం 1962 నెంబరుకు ఫోను చేయవచ్చు. ఆ ఫోనుకు డబ్బు కట్టక్కరలేదు.

మన పిల్లల మాట

గొర్రెకే కాదు, మనిషికీ విటమిన్ ఎ తక్కువైతే రేచీకటి వస్తుంది. అందుకే మన దేశంలో 1970 నుంచి పిల్లలకు విటమిన్ ఎ మందు తాగిస్తున్నారు. 9 నెలలు నిండినప్పుడు మొదలుపెట్టి, 5 ఏళ్ళు వచ్చేదాకా ఆరు నెలలకు ఒకసారి వేస్తారు. ఆ మందు తప్పక వేయించండి. మునగాకు, తోటకూర, బొప్పాయి ఇంట్లో అందరూ తినాలి. గొర్రెకు మునగరొట్ట కోసేటప్పుడు కూరకు కూడా గుప్పెడు ఆకు దూయండి. వడ్డించేటప్పుడు మీకూ కాస్త ఉంచుకోండి.

నోటు పుస్తకంలో రాయండి

మీ ప్రతి గొర్రెకూ ఒక గుర్తు పెట్టండి. ఈ నాలుగు మాటలు రాయండి.

గొర్రె గుర్తు:
దాటించిన తేదీ:
ఈనవలసిన నెల:
ఈనిన తేదీ, పిల్ల ఎలా ఉంది:

ఏడాది తర్వాత ఆ పేజీ చదవండి. ఏ నెలలో ఈనిన పిల్లలు బతికాయి? ఏ నెలలో పోయాయి? మీరు రాసిన అక్షరాలే మీకు చెబుతాయి.

కలిసి మాట్లాడండి

1. మన ఊళ్ళో ఏప్రిల్, మే నెలల్లో ఏ చెట్లు పచ్చగా ఉంటాయి? వాటిలో గొర్రెలు తినేవి ఏవి?
2. వరిగడ్డి ఒక్కటే వేస్తే చూడి గొర్రెకు ఏం తక్కువవుతుంది?
3. మార్చి 1న దాటించిన గొర్రె ఏ నెలలో ఈనుతుంది?
4. దొడ్డి దగ్గర అవిశ, మునగ నాటాలంటే సంఘంలో ఎవరు ఏం చేయాలి?