భుజశబ్దార్థము – ఆంగ్ల ‘ఆర్మ్’ శబ్దముతో తారతమ్య విచారణ

ఆంగ్లమందలి ‘ఆర్మ్’ శబ్దమునకు తెలుగున ఏకపదముగా ఏమి చెప్పవలెనను ప్రశ్న తరగతిలో తఱచు వచ్చును. చేయి అన్నచో ‘హ్యాండ్’ అను మాటకును అదియే పర్యాయమగును. బాహువన్నచో అది గ్రంథములందే కాని వాడుకలో లేదు. భుజమన్నచో విద్యార్థి మూపు ముట్టి చూపును. ఈ మూడవదియే విచారణీయము.

సంస్కృతమున భుజమనగా బాహువే. మూపునకు అంసము, స్కంధము అను వేఱు పదములు కలవు. అమరసింహుడు భుజ, బాహు, ప్రవేష్ట, దోశ్శబ్దములను ఒకచోట చేర్చి, అంసమును వేఱుగా చెప్పినాడు. వ్యుత్పత్తి విషయమున పాణినీయుల శ్రద్ధ గమనింపదగినది. ఘఞ్ ప్రత్యయము పరమైనపుడు ధాత్వంతమందలి చకార జకారములకు కవర్గాదేశము వచ్చును. అందుచేతనే త్యజ్ ధాతువునుండి త్యాగము, యుజ్ నుండి యోగము, భుజ్ నుండి భోగము ఏర్పడినవి. ఆ లెక్కన భుజమను రూపము సిద్ధింపదు. కావుననే పాణిని దీనికొక ప్రత్యేక సూత్రము (7-3-61) చేసి నిపాతించినాడు. అందు ఆయన చెప్పిన అర్థము పాణి, అనగా చేయి. బాహువు కూడ కాదు!

ధాతుపాఠమున భుజ్ ధాతువులు రెండు. తుదాదియందలిది కౌటిల్యార్థకము, అనగా వంగుట. రుధాదియందలిది పాలనాభ్యవహారార్థకము. దేనిచేత భుజింతుమో అది భుజమన్నచో పాణ్యర్థమునకు చక్కగా సరిపడును. వంగునది భుజమన్నచో మోచేయి కల బాహువునకు సరిపడును. ఆధునిక భాషావేత్తలు రెండవ పక్షమునే ఆదరింతురు. భుజగ, భుజంగ శబ్దములును, సర్పశరీరవాచకమైన భోగశబ్దమును వారికి సాక్షులు. కావ్యములందంతటను బాహ్వర్థమే కనబడుచుండుటచే ఈ పక్షమే బలవత్తరమని తోచును.

తెలుగున ఈ శబ్దము ఇంకను పైకి ప్రాకినది. గుమ్మడికాయల దొంగ యనగా భుజములు తడుముకొన్నవాడు తడుముకొన్నది మూపునే కాని మోచేతిని కాదు. భుజము తట్టుట, భుజమున వేసికొనుట అన్నియు ఇట్టివే. సమాసములందు మాత్రము పాత అర్థము నిలిచినది: భుజబలము, అష్టభుజ, చతుర్భుజుడు. చతుర్భుజుడనగా నాలుగు భుజములు కలవాడని విగ్రహవాక్యము చెప్పి ఊరకుండిన అధ్యాపకుడు విద్యార్థి మనస్సున నాలుగు మూపుల దేవుని నిలిపినవాడగును. రేఖాగణితమందలి త్రిభుజ, చతుర్భుజములకు ఈ బాధ లేదు. అచ్చట భుజము గీత మాత్రమే.

ఈ మార్పును అపప్రయోగమని త్రోసివేయుట సులభము. కాని ‘ఆర్మ్’ శబ్దచరిత్ర చూచినచో అంత తొందర కూడదు. ఆ శబ్దమునకు లాటిన్ సోదరమైన ‘ఆర్ముస్’ మూపును, విశేషించి పశువుల మూపును చెప్పును. సంస్కృత సోదరము ఈర్మము. వేదవాఙ్మయమున దీనికి బాహ్వర్థము కలదు. అమరము చదివినవారికి మాత్రము ఈర్మమనగా వ్రణమనియే తెలియును. వీని మూలధాతువునకు కూర్చుట అని అర్థము చెప్పుదురు. మూపు, బాహువు కూడినచోటు గనుక పేరు ఇటు అటు జరిగినది. ఆయుధవాచకమైన ‘ఆర్మ్స్’ లాటిన్ ‘ఆర్మ’నుండి ఫ్రెంచి ద్వారా వచ్చిన వేఱు మాట, రెండింటిని కలుపరాదు. మన బాహుశబ్దమునకు ఆంగ్లమున మిగిలిన జ్ఞాతి ‘బౌ’. నేడది చెట్టుకొమ్మ, ప్రాచీనాంగ్లమున దానికి మూపు, బాహువు అను రెండర్థములును ఉండెను. గ్రీకున దాని జ్ఞాతి ముంజేతిని, మూరను చెప్పును. ద్రావిడభాషలందును ఇంతే: ‘తోళ్’ కన్నడమున బాహువు, తమిళమున మూపును, బాహువును కూడ.

అట్లయిన ‘ఆర్మ్’కు తెలుగు మాట లేదా? గద్వాల, వనపర్తి, గోపాల్‌పేట సంస్థానములుండిన సీమలో పండితులు బాహువన్నను, కూలిజనము రెక్క యన్నది. రెక్కల కష్టము, రెక్కాడితే గాని డొక్కాడదు అను మాటలు తెలుగునాట అంతటను వినబడును. అందు రెక్క పక్షి ఱెక్క కాదు. పని చేయు నిండు చేయి. మోచేతికి పైభాగమును రెట్ట, దండ అందురు. నిఘంటుకారులు ఆంగ్లపదమునకు అర్థము వ్రాయునపుడు ఈ మాటలను విడుచుట అన్యాయము.

కావ్యపాఠమునందును దండ అను మాట అక్కఱకు వచ్చును. కేయూరమునకు భుజకీర్తియని అర్థము చెప్పు అలవాటు కలదు. భుజకీర్తి మూపున నిలుచు నగ. కేయూరము బాహువును చుట్టునది. శ్లోకమున కేయూరము బాహువును ఒరసికొన్నదనియో, విరహమున చిక్కిన బాహువునుండి జాఱినదనియో కవి చెప్పినపుడు భుజకీర్తి యన్న టీక భావమును చెఱచును. అచ్చట దండకడియమని వ్రాయవలెను.