బంతి పట్టేముందు ఒళ్లు కాగాలి

అరకులోయ,
డిసెంబరు 2025

చిరంజీవి మనవరాలికి తాతయ్య ఆశీస్సులు.

విశాఖలో క్రికెట్ సెలెక్షన్స్‌కి నిన్ను పిలిచారని మీ అమ్మ చెప్పింది. విన్నప్పట్నుంచీ నీకు చెప్పాల్సినవన్నీ మనసులో తిరుగుతున్నాయి. ఫోన్‌లో అయితే "సరే తాతయ్యా, సరే" అని పెట్టేస్తావు. అందుకే కాగితం మీద పెడుతున్నాను. ఉద్యోగం చేసినన్నాళ్లూ పిల్లలకు ఆటలు నేర్పినవాణ్ణి. బౌలింగ్ గురించి నేను నమ్మేది ఒక్కటే. మంచి బంతి ఒకటి ఎవరికైనా పడుతుంది. అదే బంతిని అదే చోట మళ్లీ వేయాలంటే ఒళ్లు ముందే సిద్ధమై ఉండాలి. ఆ సిద్ధం కావడం దగ్గరే మీ వయసు పిల్లలందరూ తొందరపడుతున్నారు.

మన డిసెంబరు పొద్దుల సంగతి నీకు చెప్పక్కర్లేదు. ఎండ పొడ తగిలేదాకా వేళ్లు కొంకర్లు పోయి ఉంటాయి, బంతి పట్టుకుంటే సీమ్ తెలియదు. అలాంటి పొద్దున గ్రౌండ్‌లోకి రాగానే బంతి లాక్కుని, ఆ చివర్నుంచి పరుగెత్తుకొచ్చి ఉన్న బలమంతా పెట్టి విసరడం, నాలుగు బంతులయ్యాక భుజం పట్టుకుని నిలబడడం ఎన్నిసార్లు చూశానో. ధింసా ఆటకు ముందు డప్పు వాళ్లు ఏం చేస్తారు? మంచుకి తోలు మెత్తబడి ఉంటుందని నెగడి దగ్గర కాస్తారు, వేళ్లతో తట్టి చూస్తారు, మళ్లీ కాస్తారు. మోత సరిగ్గా వచ్చాకే దరువు. కాచని డప్పును ఎంత గట్టిగా కొట్టినా మోగదు. ఒళ్లూ అంతే తల్లీ.

ముందు అయిదారు నిమిషాలు మెల్లగా పరుగెత్తు. పక్కనున్న పిల్లతో మాట్లాడుతూ పరుగెత్తగలిగేంత వేగం చాలు. అప్పటిదాకా స్వెటర్ తీయకు. తర్వాత కదులుతూ చేసేవి: కాలు ముందుకీ వెనక్కీ ఊపడం, పెద్ద అంగ వేసి మోకాలు వంచి ఛాతీని అటూ ఇటూ తిప్పడం, చేతుల్ని చిన్న సున్నాల నుంచి పెద్ద సున్నాలుగా తిప్పడం. తుంటి, తొడ వెనక కండరాలు, వీపు పైభాగం, ఈ మూడూ వదులైతే భుజం మీద భారం సగం తగ్గినట్టే. కాలు చాచి కూర్చుని బొటనవేలు పట్టుకుని నిమిషం పాటు కదలకుండా ఉండే సాగదీతలు ఆట అయ్యాక చేసుకో. బంతి వేసేముందు ఎక్కువసేపు అలా పట్టి ఉంచితే కండరం చురుకు తగ్గుతుంది. చివర్లో మూడు నాలుగు చిన్న పరుగులు తీయి. మొదటిది సగం వేగంతో, చివరిది పూర్తి వేగంతో.

ఇక్కడితో వార్మప్ అయిపోయిందనుకుంటారు మీరు. అసలుది ఇంకా మొదలే కాలేదు. బౌలింగ్‌కి ఒంటిని సిద్ధం చేసేది చివరికి బౌలింగే. నిలబడిన చోటు నుంచి, చేయి మాత్రమే తిప్పుతూ, దగ్గర్లో ఉన్న స్నేహితురాలికి నాలుగు బంతులు వెయ్యి. తర్వాత రెండడుగులు నడిచి. ఆ తర్వాత సగం రనప్‌తో, సగం బలంతో. పూర్తి రనప్‌తో పూర్తి బలంతో వేసేవి ఆఖర్న అయిదారు ఉంటే చాలు. ఈ మెట్లలో ఒక్కటీ దాటెయ్యకు, సమయం తక్కువగా ఉన్న రోజున కూడా. సమయం లేకపోతే ఒక్కో మెట్టు మీద బంతులు తగ్గించుకో.

ఇంకో సంగతి. మ్యాచ్‌లో పొద్దున కాగిన ఒళ్లు ఫైన్ లెగ్‌లో నలభై నిమిషాలు నిలబడితే చల్లారిపోతుంది. నీ ఓవర్ ఎప్పుడొస్తుందో రెండు ఓవర్ల ముందే కెప్టెన్‌ని అడిగి తెలుసుకో. ఆ రెండు ఓవర్లలోనూ చేతులు తిప్పు, తుంటి వదులు చేసుకో, ఓవర్ల మధ్య చిన్న పరుగు తీయి. విశాఖలో ఇంకా జాగ్రత్త. అక్కడి ఉక్కకి బస్సు దిగగానే చెమట పడుతుంది. చెమట పట్టింది కదా, ఒళ్లు కాగిందనుకుంటావు. చర్మం తడిసినంత మాత్రాన తుంటి వదులు కాదు. మన దగ్గర చేసే వరసే అక్కడా చెయ్యి, కాస్త నీళ్లు ఎక్కువ తాగు.

ఇక రనప్. మన గ్రౌండ్ ఒక వైపుకి వాలు. నువ్వు ఎప్పుడూ కింది వైపు నుంచే వస్తావు, కాబట్టి నీ అంగలు చిన్నవిగా పడతాయి. చదునైన నేల మీద అదే గుర్తు నుంచి బయల్దేరితే అంగలు సాగి కాలు క్రీజు దాటుతుంది, నో బాల్. అందుకని అక్కడికి వెళ్లగానే క్రీజు దగ్గర నిలబడి, వికెట్లకు వీపు పెట్టి, నీ సహజమైన వేగంతో పరుగెత్తు. బంతి వదిలే గెంతు ఎక్కడ వస్తుందో స్నేహితురాలిని గుర్తు పెట్టమను. మూడు నాలుగుసార్లు చేసి, మధ్యస్థంగా ఉన్న చోట నీ మార్క్ పెట్టుకో. టేపుతో కొలిచి పుస్తకంలో రాసుకో. పాదాలతో లెక్కపెట్టిన కొలత బూట్లు మారితే మారిపోతుంది.

ఇప్పుడు నీకు ఒక పని అప్పజెబుతున్నాను. పొద్దున్నే మంచుకి తడిసిన మన ఎర్రమట్టి మీద పూర్తి రనప్‌తో ఒక ఓవర్ వెయ్యి. వేశాక బంతి ఎక్కడ పడిందని చూడకు. వంగి నీ ముందు పాదం గుర్తులు చూడు. ఆరు మడమ గుర్తులూ అరచేతి వెడల్పులో ఒకదాని మీద ఒకటి పడితే నీ యాక్షన్ నిలకడగా ఉన్నట్టు. ఒకటి వేలెడు పక్కకి పోయిందంటే తల ఆ వైపుకి వాలింది. గుర్తులు వెనక్కి జరుగుతూ ఉంటే కాళ్లు అలిసిపోతున్నాయి. బొటనవేలు గుర్తు బాగా పక్కకి తిరిగి ఉంటే తుంటికీ భుజానికీ పొత్తు కుదరడం లేదని అనుమానించు. వీడియో లేకపోయినా ఈ మట్టి చెబుతుంది. ఎన్నో ఓవర్లో గుర్తులు చెదరడం మొదలవుతుందో రాసుకో. ఆ రోజుకి నీ స్పెల్ అక్కడే ఆగాలి.

నిలకడ అంటే ఏమిటో విశాఖలోనే చూశాం కదా. 2025 అక్టోబరు 12న, మహిళల ప్రపంచ కప్‌లో ఆస్ట్రేలియాతో మ్యాచ్. మనవాళ్లు 330 కొట్టారు, వాళ్లు అంతకుమించి కొట్టి గెలిచారు. బౌలర్లకు ఊపిరాడని ఆ రోజున మన కడప జిల్లా అమ్మాయి శ్రీచరణి 10 ఓవర్లు వేసి 41 పరుగులే ఇచ్చి 3 వికెట్లు తీసింది. 142 కొట్టిన హీలీని వెనక్కి పంపింది కూడా ఆమే. ఆమెది ఎడమచేతి స్పిన్, నీది పేస్. అయినా చూడాల్సింది ఒకటే. ఒక బంతి బౌండరీకి పోయాక తర్వాతి బంతికి ఆమె చేతిలో, అడుగులో తేడా వచ్చిందా? నేను చూసినంత వరకు రాలేదు.

అదే మైదానంలో 2024 ఫిబ్రవరిలో జరిగిన టెస్టులో బుమ్రా ఇంగ్లండ్ మీద 45 పరుగులకు 6 వికెట్లు తీశాడు. పోప్ వికెట్లను లేపేసిన యార్కర్‌ని నువ్వు ఫోన్‌లో పదే పదే చూస్తుంటావని మీ అమ్మ చెప్పింది. చూడు, తప్పు లేదు. కానీ అతని చేతులు చాచే తీరును అనుకరించకు. అది అతని ఒంటికి సరిపడ్డ యాక్షన్, పుస్తకాల్లో ఉండేది కాదు. అదే టెస్టులో ఇంగ్లండ్ పేసర్ అండర్సన్‌కి 41 ఏళ్లు. మొదటి ఇన్నింగ్స్‌లో 25 ఓవర్లు వేసి 47 పరుగులకు 3 వికెట్లు తీశాడు. ఇద్దరి యాక్షన్‌కీ పోలికే లేదు. ఎవరిది వాళ్లు ఎన్నిసార్లయినా అలాగే వేయగలరు, వాళ్ల దగ్గర నేర్చుకోవాల్సింది అదే. నీ చేయి సహజంగా ఎలా వస్తుందో అలాగే రానీ. తల నిటారుగా, చూపు లక్ష్యం మీద, ఎడమ చేయి పైకెత్తి కిందికి బలంగా లాగడం, బంతి వదిలాక రెండు మూడు అడుగులు పరుగు సాగించి ఆగడం. ఇవి చూసుకుంటే చాలు.

నా అసలు భయం నీ నడుం గురించి. వేగంగా వేసేవాళ్లు ముందు కాలు నేలకు దించినప్పుడు ఒంటి బరువుకు అయిదారు రెట్ల భారం పడుతుంది. తుంటి ఒక దిక్కుకి, భుజాలు ఇంకో దిక్కుకి తిరిగి ఉండగా ఆ భారం పదే పదే పడితే వెన్నెముక అడుగున ఎముక సన్నగా చీలే ప్రమాదం ఉంది. పేస్ బౌలర్లకు ఇది ఎక్కువగా మీ వయసు నుంచే మొదలవుతుంది. బుమ్రా అంతటివాడికే వెన్నులో పగులు వచ్చింది, 2023లో ఆపరేషన్ చేయించుకోవాల్సి వచ్చింది. 15 ఏళ్ల పేసర్ ఒక స్పెల్‌లో 6 ఓవర్లు, రోజంతా కలిపి 12 ఓవర్లు దాటకూడదని ఇంగ్లండ్ బోర్డు మార్గదర్శకాలు చెబుతాయి. నువ్వూ అదే పాటించు. నెట్స్‌లో వేసినవీ లెక్కలోకే వస్తాయి. కాఫీ పళ్ల కోత రోజుల్లో పొద్దంతా చేతులు పైకెత్తి కొమ్మలు వంచి, బస్తా మోసి వచ్చావంటే ఆ సాయంత్రం బంతి ముట్టుకోకు. బౌలింగ్ చేసే చేతికి అవతలి పక్కన నడుం కింద నొప్పి పుట్టి, వెనక్కి వంగితే ఎక్కువైతే దాచకు. నూనె రాసి సరిపెట్టకు. ఆ రోజే ఆపి, మీ అమ్మకు చెప్పి డాక్టర్ దగ్గరికి వెళ్లాలి. ఈ ఒక్క విషయంలో నా మాట కాదనకు తల్లీ.

సిద్ధమైన ఒళ్లు ఎంత మోయగలదో కూడా చూడు. 2025 ఇంగ్లండ్ సిరీస్‌లో మన హైదరాబాద్ సిరాజ్ అయిదు టెస్టుల్లో 1113 బంతులు వేశాడు. ఓవల్‌లో ఆఖరి వికెట్ తీసిన యార్కర్ వేగం 143 కిలోమీటర్లు. అంత అలసట మీద అంత వేగం పట్టుదల ఒక్కదానితో రాదు. ఏళ్ల తరబడి ఒంటిని సిద్ధం చేసుకుంటూ వచ్చినవాళ్లకే వస్తుంది.

ఒంటితో పాటు మనసూ సిద్ధం కావాలి. గత నెల కొలంబోలో మన అంధ అమ్మాయిల జట్టు నేపాల్‌ను ఓడించి టీ20 ప్రపంచ కప్ గెలిచింది. అందులో మన అల్లూరి జిల్లా పిల్ల పాంగి కరుణ కుమారి ఉంది. ఆ వార్త విన్నరోజు నాకు నిద్ర పట్టలేదు. ఆ ఆటలో ఒక నిబంధన ఉంది. బౌలర్ ముందుగా "రెడీ?" అని బ్యాటర్‌ని అడగాలి, "యెస్" అన్నాకే వేయాలి. నువ్వు కూడా మార్క్ దగ్గర నిలబడి ప్రతిసారీ నిన్ను నువ్వే అడుగు. ఊపిరి కుదుటపడిందా, వేళ్లు సీమ్ మీద ఉన్నాయా, ఏ బంతి వేయాలో తేల్చుకున్నావా? జవాబు రాకపోతే కదలకు. ఎవరూ తొందరపెట్టరు.

సెలెక్షన్స్ రోజు పొద్దున్నే బయల్దేరకు. ఘాట్ రోడ్డు మలుపుల్లో గంటల తరబడి కాళ్లు ముడుచుకుని కూర్చుంటే తుంటి బిగుసుకుపోతుంది. ముందు రోజే వెళ్లి పిన్ని ఇంట్లో పడుకో. నీ పేరు పిలవడానికి నలభై నిమిషాల ముందు పరుగు మొదలుపెట్టు, ఆలస్యమైతే చేతులు కాళ్లు కదుపుతూనే ఉండు. సంచిలో టేపు, రెండు జతల సాక్సులు, బెల్లం వేసిన రాగి ఉండలు పెట్టమని మీ అమ్మకు చెప్పాను. ఆ రాత్రి ఫోన్ చెయ్యి. వికెట్లు ఎన్ని పడ్డాయో తర్వాత చెబుదువుగాని. ముందు చివరి ఓవర్లో పాదం గుర్తులు ఎలా పడ్డాయో చెప్పు.

ప్రేమతో,
తాతయ్య